కదలని అల్యూమినియానికి సన్మానపత్రం

ఇస్లామిక్ ఫైనాన్స్ గురించి సభలు జరిగినప్పుడల్లా బ్యాంకు ఛైర్మన్లకు, షరియా పండితులకు, లాయర్లకు శాలువాలు కప్పుతారు. అసలు బరువంతా మోస్తున్న అల్యూమినియం దిమ్మెల్ని మాత్రం ఎవరూ తలుచుకోరు. గోదాములో పడుకున్నచోటే పడుకుని, అంగుళమైనా కదలకుండా, ఒకే పూటలో ముగ్గురు యజమానుల్ని మార్చగల ఈ దిమ్మెలకు సన్మానం ఇప్పటికే ఆలస్యమైంది.

సూత్రం చిన్నదే. డబ్బు ఊరికే కూర్చుని పిల్లల్ని పెట్టకూడదు. అది రిబా, అంటే వడ్డీ, నిషిద్ధం. సరుకు కొని లాభానికి అమ్ముకోవచ్చు. వ్యాపారంలో పెట్టుబడి పెట్టినవాడు లాభంలో వాటా తీసుకోవాలంటే నష్టంలోనూ తల దూర్చాలి. ఇంత సూటి మాటను ఆధునిక బ్యాంకులో అమలు చేయాలంటే ఎంత సరంజామా కావాలో చూడండి.

ఒకాయనకు లక్ష డాలర్లు కావాలి. ఇవ్వడానికి బ్యాంకు సిద్ధం, ఏడాది తిరిగాక లక్షా ఆరు వేలు పుచ్చుకోవడానికి మరీ సిద్ధం. అడ్డొచ్చేది ఆ ఆరు వేలే. దానికి వడ్డీ అని పేరు పెట్టకూడదు. అప్పుడు దిమ్మెలు రంగంలోకి దిగుతాయి. టన్ను 2,500 డాలర్లనుకుందాం, 40 టన్నులు సరిపోతాయి. ‘మీరు కొంటే మీ దగ్గర నేను కొంటాను’ అని ఖాతాదారుడు ముందుగా వాగ్దానపత్రం రాసిస్తాడు. ఉదయం 10:00కి బ్యాంకు మొదటి బ్రోకరు దగ్గర లక్ష నగదిచ్చి ఆ 40 టన్నులు కొంటుంది. 10:02కి వాటినే ఖాతాదారుడికి ఏడాది గడువు మీద లక్షా ఆరు వేలకు అమ్ముతుంది. ఇల్లు నిండేంత అల్యూమినియంతో ఆయనేం చేసుకుంటాడు పాపం? అమ్మిపెట్టమని బ్యాంకునే ఏజెంటుగా పెట్టుకుంటాడు. 10:04కి బ్యాంకు వాటిని రెండో బ్రోకరుకు లక్షకు అమ్మేసి నగదు ఆయన ఖాతాలో వేస్తుంది. దీన్ని తవర్రుఖ్ అంటారు. పాము చావలేదు, కర్ర విరగలేదు, దిమ్మె కదల్లేదు.

ఆరు వేలే ఎందుకు, నాలుగో తొమ్మిదో ఎందుకు కాదని అమాయకులు అడుగుతుంటారు. మొన్నమొన్నటిదాకా లైబర్ చూసి, ఇప్పుడు సోఫర్ చూసి, దానిమీద కొంత కలిపి ఆ అంకె వేస్తారు. రెండూ అంతర్జాతీయ మార్కెట్లో కొలబద్దగా వాడే వడ్డీ రేట్లే. పక్కనున్న సారా కొట్టు లాభశాతం చూసి సోడా ధర నిర్ణయించినంత మాత్రాన సోడా సారా అయిపోదని పండితుల వాదన. న్యాయమే. కాకపోతే ఈ సోడా కొట్టువాడు యాభై ఏళ్లుగా సొంతంగా ఒక్క ధరా కట్టలేకపోయాడు.

ఇందులో ప్రాణమంతా వరుసలో ఉంది. ఖాతాదారుడి కొనుగోలు 10:02కి, రెండో బ్రోకరుకు అమ్మకం 10:01కి నమోదయ్యాయనుకోండి. ఆ ఒక్క నిమిషం ఆయన తనది కాని సరుకును అమ్మినట్టు. అమ్మకం చెల్లదు. షరియా ఆడిటరు పట్టుకుంటే ఆ ఆరు వేలూ బ్యాంకు లాభంలో కలవడానికి వీల్లేదు, దానధర్మాలకు పోవాలి. రెండో బ్రోకరు ఆ సరుకును తిప్పి మొదటి బ్రోకరుకే అంటగడుతున్నాడా, ఒకే దిమ్మెను ఒకే రోజు ఇద్దరు ముగ్గురికి చూపిస్తున్నారా అన్నవి కూడా చూడాల్సినవే. పత్రాల్లో గోదాము పేరు, దిమ్మెల గుర్తింపు సంఖ్యలు అడిగి చూడండి, బ్రోకరు ముఖంలో రంగులు మారతాయి.

2009 ఏప్రిల్‌లో షార్జాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ, అంటే ఇస్లామిక్ ధర్మశాస్త్ర పండితుల సభ, ఇలా ముందే కట్టుదిట్టంగా ఏర్పాటు చేసుకున్న తవర్రుఖ్ కూడదని తీర్మానించింది. పరిశ్రమ ఆ తీర్మానాన్ని ఎంతో గౌరవించింది. అదే ఏడాది ఆగస్టులో మలేషియాలో ఇలాంటి కొనుగోళ్ల కోసమే బుర్సా సూఖ్ అల్ సిలా అనే సరుకుల మార్కెట్ మొదలైంది. అక్కడ దిమ్మెలకు బదులు ముడి పామాయిల్ చేతులు మారుతుంది. జారుడు సరుకు కదా, చేతులు మారడం ఇంకా సులువు.

మరి లాభనష్టాలు పంచుకునే ముషారకా, ముదారబా ఏమయ్యాయి? పాఠ్యపుస్తకాల్లో మొదటి అధ్యాయం, బ్యాలెన్స్ షీట్లలో చివరి వరుస. బ్యాంకుల్ని తిట్టడం తేలికే గానీ కారణాలు గట్టివే. గ్యారంటీగా లాభం వస్తుందన్న వ్యాపారి బ్యాంకుకు వాటా ఎందుకిస్తాడు? అప్పు తెచ్చుకుంటాడు. వాటా పంచుకుందాం రమ్మని పిలిచేవాడికి పంచడానికి నష్టమే ఉంటుంది. రెండు ఖాతా పుస్తకాలుంటే బ్యాంకుకు చూపించేది ఏదో చెప్పనక్కర్లేదు. చాలా దేశాల పన్ను చట్టాల్లో కట్టిన వడ్డీ ఖర్చు కింద పోతుంది, పంచిన లాభం పోదు. ఇక బాసెల్ అనే అంతర్జాతీయ బ్యాంకింగ్ నిబంధనల ప్రకారం వాటా పెట్టిన ప్రతి డాలరుకూ అప్పిచ్చిన డాలరుకన్నా ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలి. డిపాజిటరేమైనా తక్కువ తిన్నాడా? తన సొమ్ము ముదారబా కింద నష్టపోవచ్చని సంతకం పెట్టి, పక్క బ్యాంకు కన్నా పావు శాతం తగ్గితే మర్నాడే తీసుకెళ్లిపోతాడు. అందుకని బ్యాంకులు మంచి ఏడాది లాభాల్లో కొంత ‘లాభ సమీకరణ నిధి’లో దాచి చెడ్డ ఏడాదిలో పంచుతాయి. ఎగుడుదిగుళ్లు పంచుకోవాల్సిన ఒప్పందాన్ని నున్నగా ఇస్త్రీ చేసిపెట్టే నిధి అది.

ఇస్లామిక్ బాండ్లనదగ్గ సుకూక్ కథా ఇంతే. ఆస్తిలో వాటా అంటారు, గడువు తీరాక ముఖవిలువకు తిరిగి కొంటామని ముందే రాసిస్తారు. ముదారబా, ముషారకా సుకూక్‌లలో అలా రాయకూడదని ఇస్లామిక్ ఫైనాన్స్‌కు ప్రమాణాలు రాసే బహ్రెయిన్‌లోని అయోఫి సంస్థ 2008లో తేల్చింది. 2017లో షార్జాకు చెందిన డానా గ్యాస్ ఇంకో అడుగు వేసింది. తానే జారీ చేసిన 70 కోట్ల డాలర్ల సుకూక్ షరియాకు విరుద్ధం కాబట్టి చెల్లదని, తీర్చాల్సిన వేళకు గుర్తుచేసుకుంది. లండన్ కోర్టు ఆ తిరిగికొనే హామీ ఇంగ్లీషు చట్టం కింద చెల్లుతుందని తీర్పిచ్చింది. భక్తి పుట్టే ముహూర్తం సరిగా కుదరాలంతే.

వడ్డీని మొత్తంగా తీసేస్తామన్న దేశం పాకిస్తాన్. ‘వీలైనంత త్వరగా’ అని 1973 రాజ్యాంగంలో రాసుకున్నారు. 1991లో షరియత్ కోర్టు, 1999లో సుప్రీంకోర్టు అవునన్నాయి. 2002లో కథ మళ్లీ మొదటికొచ్చింది, 2022లో మళ్లీ అవునన్నారు. 2024 సవరణలో 2028 జనవరి 1 అని తేదీ వేసి, పక్కనే ‘సాధ్యమైనంత మేరకు’ అని ఒక దిండు పెట్టారు.

అభివృద్ధి సంగతి కూడా ముట్టుకోవాలి. ముస్లింలు తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానమైన జకాత్‌తో రోడ్లూ వంతెనలూ కట్టేద్దామని ప్రణాళికలు వేసేవాళ్లకు తమ్లీక్ అన్న మాట చెప్పి చూడండి. 2.5 శాతం వసూలు వరకూ బాగానే ఉంటుంది. కానీ హనఫీ సంప్రదాయంలో ఆ సొమ్ము అర్హుడైన మనిషి చేతికి సొంత ఆస్తిగా అందాలి. వంతెనకు చేతుల్లేవు. దీనికీ ఉపాయముంది. ఒక పేదవాడి చేతిలో సొమ్ము పెడతారు, ఆయన వెంటనే దాన్ని సంస్థకు విరాళమిస్తాడు. ఇక్కడ దిమ్మె పని మనిషి చేస్తున్నాడు.

బ్యాంకు నుంచి పేదలకు సూటిగా చేరే దారులు మాత్రం రెండున్నాయి. కిస్తీ ఆలస్యమైతే వేసే జరిమానా బ్యాంకు తినకూడదు, దానానికి ఇవ్వాలి. బాకీదారు సొమ్ముతో బ్యాంకుకు పుణ్యం, అత్త సొమ్ము అల్లుడు దానం అన్నమాట. రెండోది, ఇందాక చెప్పిన 10:01 పొరపాటు. 10:01కి బదులు 10:03 అని పడితే పేదలకు దక్కేది సున్నా. వరుస తప్పితే ఒక్క ఖాతా మీదే ఆరు వేల డాలర్లు. పేదరిక నిర్మూలన మీద చిత్తశుద్ధి ఉన్న ప్రతి బ్యాంకూ ట్రెజరీ విభాగంలో అమ్మకాలు నమోదు చేసే గుమాస్తా గడియారాన్ని మూడు నిమిషాలు వెనక్కి తిప్పి ఉంచాలని ఈ సన్మాన సంఘం సవినయంగా ప్రతిపాదిస్తోంది.