పేడపురుగు ఉండ, ఏడుగురు పండితులు

కొరియన్ డ్రామా నాలుగు ఎపిసోడ్లు చూసిన ప్రతి మేధావిదీ ఇప్పుడు ఒకటే మాట: "కొరియన్ చైనీస్‌లోంచి పుట్టిందే కదా, అక్షరాలు కూడా అక్కడివే." కాదు బాబూ అంటే వినరు. క్రియని వాక్యం చివర పెట్టి, విభక్తుల్లాంటివి నామం వెనక తగిలించి, ఇంచుమించు మనలాగే వాక్యం కట్టే భాష అది. చైనీస్‌కి ఆ పద్ధతే లేదు. మాటలు వేలకొద్దీ అరువు తెచ్చుకున్నారు, నిజమే, అరువు తెచ్చుకున్నంత మాత్రాన పుట్టుకే మారిపోతుందా? (సంస్కృతం మాటలు లెక్కపెట్టి తెలుగుకి తల్లిని తేల్చేసేవాళ్లు మనలోనూ ఉన్నారు కాబట్టి ఈ జబ్బు కొత్తదేం కాదు.)

అయినా ఈ మేధావులకి ఓ పూర్వీకుడున్నాడని చెప్పడం నా ధర్మం. చ్వే మల్లి గారు. అప్పటిదాకా కొరియాలో రాతంతా చైనా అక్షరాలతోనే. 1443లో అక్కడి సెజోంగ్ రాజు కొరియన్ మాట్లాడినట్టే రాసుకోవడానికి 28 అక్షరాలు తయారు చేశాడు (ఇప్పుడు హంగుల్ అంటున్నది ఈ లిపినే). మరుసటి ఏడాదే, రాజుగారి పండిత సభలో పెద్ద హోదాలో ఉన్న ఈయన ఇంకో ఆరుగురిని వెంటేసుకుని అర్జీ పెట్టాడు. సొంత లిపి పెట్టుకున్నదెవరు? మంగోలులు, టిబెటన్లు, జపాన్ వాళ్లు, అంటే అనాగరికులు. మనమూ ఆ వరసలో నిలబడదామా? చైనాకి తెలిస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? సుగంధద్రవ్యం పారేసి పేడపురుగు దొర్లించే ఉండ ఏరుకుంటామా? (ఈ ఉండ నా కల్పన కాదు, అర్జీలోదే.)

ఆయన బాధ అర్థం చేసుకోవాలి. ఈ అక్షరాలు తెలివైనవాడికి ఒక్క పూటలో, మందమతికి పది రోజుల్లో వస్తాయని 1446లో వెలువడిన వివరణ గ్రంథమే చెప్పింది. చిన్నప్పటినుంచి జుట్టు నెరిసేదాకా చైనా అక్షరాలు బట్టీ పట్టి, ఆ బలంతోనే పరీక్ష గట్టెక్కి ఉద్యోగం కొట్టిన పెద్దమనిషి పొద్దున్నే గంజి తాగుతుంటాడు. పదకొండో రోజున వంటమనిషి వచ్చి పద్దు తిరగేసి, "అయ్యా, బియ్యం ఒక బస్తా ఎక్కువ రాశారండీ" అంటుంది. గంజి గొంతులో అడ్డం పడదూ? మర్నాడు గుర్రాలవాడు ఉత్తరం తనే చదువుకుంటాడు. ఆ పైవారం ఎవరో అయ్యగారి గోడమీదే ఆయన గురించి నాలుగు ముక్కలు రాసిపోతారు, అవి వీధంతా చదువుతుంది. నిజంగానే 1504లో యొన్సాన్ రాజుని తిడుతూ ఈ లిపిలోనే కాగితాలు వెలిశాయి, ఆయన వెంటనే దాన్ని నేర్పకూడదు, నేర్చుకోకూడదు అన్నాడు. పండితులకి ముందుచూపు లేదని ఎవరనగలరు!

అర్జీ చదివిన సెజోంగ్, శబ్దశాస్త్రం మీకేం తెలుసని అడిగి, ఏడుగురినీ ఒక రాత్రి జైల్లో పెట్టి వదిలేశాడు. ఒక్క రాత్రే!

నాకు నవ్వు ఆగిపోయేది ఆ అర్జీలో జైళ్ల గురించి రాసిన ముక్క దగ్గరే. నేరం ఒప్పుకున్నట్టు రాసే వాంగ్మూలం ముద్దాయికి అర్థమయ్యే లిపిలో ఉంటే అన్యాయం తగ్గుతుందన్నది రాజు పక్షం వాదన. దానికి పండితుల జవాబు వినండి. చైనాలో మాట, రాత ఒకటే, అయినా అక్కడ అన్యాయాలు లేవా? మన దగ్గర కూడా వాంగ్మూలం చదవగలిగి, అది అబద్ధమని తెలిసీ దెబ్బలు తట్టుకోలేక ఒప్పుకునేవాళ్లు బోలెడుమంది, కాబట్టి తప్పు లిపిది కాదు, జైలు అధికారిది. ఎంత దర్జాగా రాశారో చూడండి! మనిషిని చావగొట్టి ఒప్పిస్తున్నారని తెలుసు, ఆ సంగతి తమ చేత్తోనే రాశారు, రాసింది లిపి వద్దని వాదించడానికి! సిగ్గుండక్కర్లేదా? చదువు రానివాడు పత్రం మీద వేలు ఆనిస్తే, కణుపుల దగ్గర గీతలు పెట్టేవారు, అదే సంతకం. అందులో ఏముందో అతనికి చదివి చెప్పాల్సింది మళ్లీ ఆ రాసినవాడే. ప్రభుత్వ ఉత్తర్వులకి ఈ లిపే ఆధారమని ఆజ్ఞ వెలువడింది 1894లో. అప్పటిదాకా ఆ వేళ్ల కింద కాగితాల మీద వాళ్లు ఏం రాసుకున్నారో, ఎవరి పొలం ఎవరికి పోయిందో, సంస్కృతి గురించి లెక్చర్లిచ్చే మన డ్రామా మేధావులే కాస్త చెప్పాలి.