సవరణ: డెత్ వ్యాలీ రాళ్లు, ప్రకృతివాదం

అమెరికాలోని డెత్ వ్యాలీలో, రేస్‌ట్రాక్ ప్లాయా అనే ఎండిన సరస్సు నేలపై రాళ్లు ఎందుకు కదులుతాయో నేటికీ తెలియదని, కాబట్టి ప్రకృతివాదం (ఉన్నదంతా ప్రకృతే, దానికి అతీతమైనదేదీ లేదనే వాదం) చాలదని గత టపాలో రాశాం. రెండూ తప్పే.

2013 డిసెంబరులో పరిశోధకులు ఆ కదలికను కళ్లారా చూశారు. కొన్ని రాళ్లకు జీపీఎస్ కూడా అమర్చారు. నిలిచిన వాన నీటిపై రాత్రి 3–6 మిల్లీమీటర్ల మంచు పలక కడుతుంది. ఎండకు పగిలిన ముక్కలు సెకనుకు 4–5 మీటర్ల చిన్నపాటి గాలికే తేలుతూ రాళ్లను మెల్లగా నెడతాయి. అడుగున మెత్తని బురద కనుక జాడ పడుతుంది. తర్వాత వచ్చినవారికి మంచు ఉండదు, నీరుండదు, జాడే మిగులుతుంది. ఇన్నేళ్ల చిక్కంతా అక్కడే.

ఇక వాదన సంగతి: కారణం ఇంకా తెలియనంత మాత్రాన ప్రకృతివాదం చాలదని కాదు. న్యూటన్ లెక్కకూ బుధుడి కక్ష్యకూ మధ్య శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) తేడా ఎందుకో 1859 నుంచి 1915 దాకా తేలలేదు. వల్కన్ అనే గ్రహాన్ని ఊహించి వెతికారు, దొరకలేదు. చివరికి సాపేక్ష సిద్ధాంతం తేల్చింది. అక్కడ సవరించాల్సి వచ్చింది న్యూటన్ గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని, ప్రకృతివాదాన్ని కాదు.

అలాగని రాళ్ల గుట్టు వీడినందుకు ప్రకృతివాదం రుజువైపోలేదు. గత టపాలో చైతన్యాన్ని కూడా రాళ్ల చిక్కుతో పాటు ఇదే గంపలో వేయడం మా మరో పొరపాటు: నొప్పి అనే అనుభవం అసలు ఎందుకుంది అన్నది కొలతలు చాలక మిగిలిన ప్రశ్న కాదు, ప్రకృతివాదానికి అదే గట్టి అభ్యంతరం.