ఇంకో ఆర్నెల్లు వస్తుంది

సేఫ్టీ షూ గురించి కొందరు లేనిపోని భయాలు పుట్టిస్తున్నారు. భగవంతుడు మనిషికి పది కాలివేళ్ళు ఇచ్చాడు. అందులో ఒకటో రెండో స్పేర్ కింద పంపాడని లోకజ్ఞానం ఉన్న స్టోర్ కీపర్ ఎవరైనా ఒప్పుకుంటాడు.

ఐఎస్ఓ 20345 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, వేళ్ళ మీద ఇనుప టోపీ దాచుకున్న ఈ బూటు ముక్కు 200 జౌల్స్ దెబ్బకు ఆగాలి. అంటే సుమారు 20 కిలోల దిమ్మ మీటరు ఎత్తు నుంచి పడ్డంత. మీటరు దాటి పడకూడదని దిమ్మకు ఎవరైనా నోటీసు ఇచ్చారా? ఇవ్వలేదు. మరి ఒక్క బూటుకే ఎందుకీ నిబంధన?

ఈ బూట్లలో ఎస్1, ఎస్3 అనే రకాల సంగతి మరీ విడ్డూరం. ఎస్3 బూటుకు మేకు దిగకుండా అడుగున ఒక పొర, నీరు తొందరగా ఇంకని పైభాగం, గ్రిప్పున్న సోలు ఉండాలి. ఎస్1కి ఇవేవీ తప్పనిసరి కాదు. మేకులూ బురదా కలిసి కాపురం చేసే మా పనిచోటికి ఎస్1 తెప్పించారు. అదేమిటని అడిగితే, "ఒకటో ర్యాంకు ఉండగా మూడో ర్యాంకు ఎవడు కొంటాడయ్యా?" అన్నారు. పిల్లల్ని చదివిస్తున్నవాణ్ణి, మారు మాట్లాడలేకపోయాను.

సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పనిలో వేసుకునే సాక్సుతోనే తొడిగి సైజు చూసుకోవాలట. మాకంత నాజూకుతనం లేదు. వదులైతే ఇంకో జత సాక్సు, బిగుతైతే "వాడగా వాడగా సాగుతుంది". తోలు సాగుతుంది గానీ లోపలి ఇనుప టోపీ సాగదు కదా సార్ అని ఒక కుర్రాడు గొణిగాడు. ఆ వారమే అతన్ని నైట్ షిఫ్టుకి వేశారు.

నెలకోసారి తనిఖీ మాత్రం శాస్త్రోక్తంగా జరుగుతుంది. వరసలో నిలబడతాం. సూపర్‌వైజరుగారు పైనుంచి చూస్తారు. పాలిష్ మెరిస్తే రిజిస్టర్‌లో టిక్కు. పై పటారం బాగున్నాక లోన లొటారం వెతకడం సంస్కారం కాదు. ఛాందసులు మాత్రం తిరగేసి చూడమంటారు. పాదం వంగే చోట గ్రిప్పు ఎత్తు 1.5 మిల్లీమీటర్ల కంటే తగ్గినా, సోలు ఊడి 15 మిల్లీమీటర్ల పొడవున, 5 మిల్లీమీటర్ల లోతున నోరు తెరిచినా ఆ బూటు పనికిరాదట. లోపల చెయ్యి పెట్టి ఇనుప టోపీ అంచు బయటికొచ్చిందేమో తడమాలట కూడా! షిఫ్టు దిగిన బూటులో చెయ్యి పెట్టమనే శిక్ష ఏ చట్టంలోనూ లేదు.

ఇక ముక్కు మీద ఒక్క గట్టి దెబ్బ తగిలితే, పైకి గీత పడకపోయినా మార్చెయ్యాలంటారు. లోపల ఇనుము వంగి ఉండొచ్చు, ఇనుముకు బదులు ప్లాస్టిక్కూ నారలూ కలిపి చేసిన కాంపోజిట్ రకమైతే చిట్లి ఉండొచ్చు, రెండో దెబ్బకు ఆగకపోవచ్చు. ఎంత కృతఘ్నత! మన కాలు కాపాడినవాణ్ణి మర్నాడే ఉద్యోగంలోంచి తీసేస్తామా? (తీసేస్తాం. కానీ అది మనుషుల విషయంలో.)

పొదుపులో మా స్టోరును మించింది లేదు. కొత్త జతలు కొన్నిటిని ఏళ్ళ తరబడి బీరువాలో దాచి, ఆడిట్ రోజున తొడిగించారు. పది అడుగులు వేశామో లేదో, సోళ్ళు మట్టిపెళ్ళల్లా రాలిపోయాయి. పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ సోలు, వాడకపోయినా, గాలిలోని తేమకే విరిగి పొడి అవుతుందట. తయారీ తేదీ బూటు మీదే ఉంది. చదవాలంటే వంగాలి. స్టోరులో వంగే హోదా ఎవరికీ లేదు.

నాకూ కొత్త జత కావాలని అర్జీ పెట్టుకున్నాను. అరిగిందని రుజువుకు పాత జత తెచ్చి చూపమన్నారు. తీసుకెళ్ళాను. దారిలో ఎడమకాలి సోలు ఎక్కడో జారిపోయినట్టుంది. స్టోర్ కీపర్ రెండు బూట్లనూ కాసేపు తేరిపార చూసి అర్జీ తిప్పి ఇచ్చేశారు. జత పూర్తిగా లేదట.