నా కుడిచేతి చూపుడువేలికి

శ్రీయుత చూపుడువేలు గారికి,

నమస్కారాలు. చేతులు జోడించినప్పుడు తమరూ అందులో ఉన్నారు కాబట్టి అందినట్టే భావిస్తాను.

ఈ ఆదివారం మధ్యాహ్నం బెంగళూరులో, హెబ్బాళ అవతలి మైదానంలో జరిగిన విలువిద్య పోటీలో తమరు చేసిన ఘనకార్యం గురించే ఈ లేఖ. 14 బాణాలయ్యేసరికి నాకు 131 పాయింట్లు. పక్కన నిలబడ్డ పదమూడేళ్ల అమ్మాయి తన 15 బాణాలూ వేసేసి 139 దగ్గర ఆగింది. ఆఖరి బాణానికి తొమ్మిది వస్తే చాలు, నాది గెలుపు. 50 మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లే, ఒప్పుకుంటాను. తొమ్మిదికి దానికి రెట్టింపు, అంటే ఉప్మా పెట్టుకునే చిన్న పళ్లెమంత జాగా ఉంది. గాలి లేదు. కాళ్లు కుదురుగా ఉన్నాయి. విల్లు మీది స్కోపు (గురి చూసే అద్దం)లోని చుక్క కిందనుంచి నీలం దాటి, ఎరుపులోకి నిదానంగా ఎక్కుతోంది. తొమ్మిది, పది ఉండే పసుపు అంచు అలా కనిపించిందో లేదో, తమరు ఠపీమని రిలీజ్ (నారిని పట్టి వదిలే పనిముట్టు) ట్రిగ్గర్ నొక్కేశారు. చేయి అదిరింది, విల్లు వంగింది, బాణం వెళ్లి కాగితం కింద ఉత్త ఫోములో దిగింది. సున్నా.

"అంకుల్, మీరు వదల్లేదు, పొడిచారు" అంది ఆ అమ్మాయి. చాలా మర్యాదగానే అంది. అదే ఎక్కువ బాధ.

పెళ్లిపందిట్లో జీలకర్రబెల్లం ఇంకా పెట్టనే లేదు, మేళం ఊపందుకోగానే గుప్పెడు అక్షింతలు విసిరేసి భోజనాలవైపు నడిచే పెద్దమనిషి ఒకరుంటారు చూశారా, తమరు ఆయనే. నన్ను అడగరు, కంటిని అడగరు. పసుపు కనబడటమే తమరికి ముహూర్తం.

అలసట అనే సాకు దయచేసి చెప్పకండి. నాది 50 పౌండ్ల బలంతో లాగే కాంపౌండ్ విల్లు. పూర్తిగా లాగాక రెండు చివర్లలోని కప్పీలు తిరిగి 80 శాతం బరువు అవే మోస్తాయి. చేతికి మిగిలేది 10 పౌండ్లు, నాలుగున్నర కిలోలు. మార్కెట్ నుంచి కూరల సంచి తెచ్చేటప్పుడు తమరు ఇంతకంటే ఎక్కువే మోస్తారు, అప్పుడెప్పుడూ దారిలో జారవిడిచింది లేదు.

తమరు చేయవలసింది కూడా ఏమీ లేదు కదా! ట్రిగ్గర్ మీద కొక్కెంలా వాలి ఊరుకోవాలి. వీపు కండరాలు మెల్లగా బిగుస్తాయి, మోచేయి వెనక్కి వెళుతుంది, దాంతోపాటే రిలీజ్ దానంతటదే తెగుతుంది. బాణం ఎప్పుడు వెళ్లిందన్నది వేసినవాడికే ఆశ్చర్యంగా ఉండాలి. చుక్క అటూ ఇటూ తేలుతుంది, తేలనివ్వాలి. దాన్ని పట్టి ఆపేవాడు ఇంతవరకూ పుట్టలేదు. మా కోచ్ ఏడాదిగా "నిధాన సార్, నిధాన" అని కన్నడంలో మొత్తుకుంటున్నారు. పక్క రాష్ట్రపు మాట కదా, అర్థం కాలేదేమో అనుకుందామా? నిదానం అన్న తెలుగు మాట మాత్రం తమరికి ఏమర్థమైంది కనుక!

నిజానికి చాలాకాలం తమరిని అనుమానించనే లేదు. విల్లు ఊగకుండా ఆపే స్టెబిలైజర్ కడ్డీ మార్చాను. నారిలోని పీప్ (గురి చూసే చిన్న రంధ్రం) తిరిగిపోతోందని నారే మార్పించాను. బాణాలు మార్చాను. ఎడమ చేయి విల్లును పీక పట్టినట్టు పట్టుకుంటుందని దాన్ని తిట్టాను (పట్టుకుంటుంది, దాని సంగతి వేరే చూస్తాను). విల్లు నిటారుగా ఉందో లేదో చూపే నీటిబుడగ వంకరగా ఉందని కూడా అన్నాను. పాపం, బుడగ!

ఇక గారూ లేదు, తమరూ లేదు. విను. నువ్వు దొంగవు. కంటి కష్టం, వీపు కష్టం, నా జీతం, నా ఆదివారం, అన్నీ అర క్షణంలో కాజేస్తావు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి ఈ కాంపౌండ్ విల్లుతోనే మూడు స్వర్ణాలు తెచ్చారు. ఆమె చేతికి ఉన్నవీ అయిదు వేళ్లే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్ల పోటీ పెడుతున్నారు. కంగారు పడకు, నిన్నెవరూ పిలవరు. ఎన్నికల సిరా కూడా ఎడమచేతి వేలికే పెడతారు, ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. ద్రోణుడు వచ్చి నన్ను నిన్నడిగితే మారుమాట్లాడకుండా ఇచ్చేవాణ్ణి. ఆయన అడగడం పూర్తికాకముందే నువ్వే దూకేసేవాడివి, అది వేరే సంగతి.

తప్పంతా నీదే అనడానికీ నోరు రావడం లేదు. సిల్క్ బోర్డు నుంచి మారతహళ్లి, కె.ఆర్.పురం మీదుగా మైదానానికి చేరేసరికి స్కూటరు బ్రేకు ఎన్నిసార్లు నొక్కించానో లెక్కలేదు. ఎదుటి బండి ఎర్రదీపం వెలిగితే చాలు, ఆలోచించకుండా నొక్కు. రెండు గంటలు ఆ చదువు చెప్పి, దిగగానే యోగిలా ఉండమంటే ఎక్కడ ఉంటావు?

పైగా బియ్యం పళ్లెంలో నాన్న పట్టుకుని ఓనమాలు దిద్దించింది నిన్నే. అప్పుడూ ఆయన చేయి కదలకముందే నువ్వు గీసేశావట. అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

సరే, రేపటినుంచి ఒక నెల కాగితం లేదు, వలయాలు లేవు, పోటీ లేదు. ఫోము దిమ్మకు మూడు మీటర్ల దూరంలో నిలబడి, కళ్లు మూసుకుని వేస్తాం. పసుపు కనబడదు కాబట్టి నీకు పిలుపూ ఉండదు. ఊరికే వాలి ఉండు.

ఇట్లు,
నీ వెనకే ఉన్న మణికట్టు యజమాని

తా.క.: ఈ లేఖలో మొదటి రెండు పేరాలు, నేను ఇంకా రాస్తుండగానే, ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిపోయాయి. ఎవరు పంపారని నేను అడగడం లేదు. "వేలికి ఏమైంది నాన్నా, వాచిందా?" అని అమ్మ అడుగుతోంది. జవాబు నువ్వే ఇవ్వు.