హారన్ కూతకు బ్రేకు గాలి

లారీలు, బస్సుల్లో గాలితో మోగే ఎయిర్ హారన్ల మీద స్పెషల్ డ్రైవ్ అనగానే మనకు తెలిసిన దృశ్యం ఒకటే. పట్టుకున్న బూరలను రోడ్డు మీద వరసగా పేర్చి, రోడ్డు రోలర్‌తో తొక్కించి ఫొటోలు దిగుతారు. మర్నాడు పేపర్లో వస్తుంది. నాలుగు రోజులు పోయాక బెజవాడ ఆటోనగర్‌లో కొత్త బూరలు బిగుస్తాయి. పెట్టించుకున్నవాడికి చలానా, బిగించినవాడికి కూలి!

చెవులు చిల్లులు పడుతున్నాయన్న ఫిర్యాదు న్యాయమైనదే. కానీ ఈ వ్యవహారంలో అసలు ప్రమాదం బండి కింద, గాలి ట్యాంకు దగ్గర ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

లారీకైనా బస్సుకైనా బ్రేకు పడేది గాలితోనే. ఇంజిన్‌తో తిరిగే కంప్రెసర్ ట్యాంకుల్లోకి గాలి ఎక్కిస్తుంది. ప్రెషర్ మామూలుగా 8 బార్ దరిదాపుల్లో నిలుస్తుంది. ఆ గాలిని ముందు బ్రేకులకు, వెనక బ్రేకులకు, మిగతా చిల్లర అవసరాలకు వేరువేరు దారుల్లో పంచడానికి ప్రొటెక్షన్ వాల్వు ఉంటుంది. ఒక దారి లీకైనా మిగతా దారుల్లో కొంత గాలి మిగలాలన్నది దాని ఉద్దేశం. హారన్ గాలి తీసుకోవాల్సింది ఆ చిల్లర దారి నుంచే. తొందర పనిలో ఇదెవరు చూస్తారు? చేతికందిన ట్యాంకుకే టీ జాయింటు బిగించి, ప్లాస్టిక్ పైపు లాగేస్తారు. ఆ పైపు చాసిస్‌కు రాసుకుని అరిగిందంటే పోయేది బ్రేకు గాలే. ప్రెషర్ మరీ పడిపోతే, గాలి లేనప్పుడు పట్టే స్ప్రింగు బ్రేకులు వాటంతటవే పట్టేసి బండి ఉన్నచోటే నిలిచిపోతుంది. పొద్దున పూట రామవరప్పాడు రింగు దగ్గర లోడు లారీ ఒకటి అలా ఆగితే ఏమవుతుందో బెజవాడ వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇక ట్యూనింగ్ సంగతి. 'సౌండు రావట్లేదు, కాస్త ట్యూన్ చెయ్' అని వచ్చే డ్రైవరుకు కావాల్సింది ఎక్కువ సౌండు. ట్యూనింగ్ అంటే అది కాదు. బూర వెనక గిన్నెలాంటి భాగంలో పలచటి రేకు ఉంటుంది, డయాఫ్రమ్. గాలి దాన్ని నెట్టుకుని బూరలోకి దూరుతుంది, రేకు మళ్లీ వచ్చి మూస్తుంది. సెకనుకు కొన్ని వందలసార్లు ఇలా జరిగితే మనకు కూత వినపడుతుంది. స్వరం ప్రధానంగా బూర పొడుగును బట్టి వస్తుంది. పొడుగుదైతే బొంగురు, పొట్టిదైతే కీచు. స్క్రూ ఉన్న రకాల్లో అది చేసేదల్లా రేకు ఎంత బిగువుగా కూర్చోవాలో చూడటమే. మరీ బిగిస్తే గాలి రేకును లేపలేక హారన్ మూగబోతుంది. మరీ వదిలేస్తే బుస్సుమంటుంది. అందుకే చెయ్యి తిరిగిన మెకానిక్ లాక్ నట్టు వదులు చేసి, స్క్రూను పావు చుట్టు తిప్పి, ఒక్కసారి పొట్టిగా కొట్టి వింటాడు. కుదిరాక నట్టు బిగించేస్తాడు.

చాలాసార్లు ఆ స్క్రూ జోలికి వెళ్లే పనే ఉండదు. ట్యాంకులో చేరిన నీళ్లు వదలకపోతే అవి పైపులోకి వచ్చి హారన్ గరగరలాడుతుంది. వానాకాలం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇది మరీ ఎక్కువ. ఒక్కోసారి బూరలో కందిరీగ మట్టి గూడు కట్టి ఉంటుంది! ఇవేవీ చూడకుండా ప్రెషర్ పెంచితే రేకు పగులుతుంది తప్ప కూత బాగుపడదు.

డ్రైవర్ల వాదన కొట్టిపారేసేది కాదు. లోడు బండి కారులా ఆగదు. అద్దాలెత్తి ఏసీలో వెళ్లేవాడికి, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న బైకువాడికి మామూలు హారన్ ఎక్కడ వినపడుతుంది? హైవే మీద ఇది ఒప్పుకుంటాను. సూర్యారావుపేట ఆసుపత్రుల మధ్య మాత్రం ఒప్పుకోను. ఆసుపత్రులు, స్కూళ్లు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు సైలెన్స్ జోన్‌గా ప్రకటించే వీలు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. రకరకాల స్వరాలు పలికే హారన్లను, కర్ణకఠోరమైన వాటిని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 119 ఎప్పుడో వద్దంది. అనవసరంగా హారన్ కొడితే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం మొదటిసారి 1,000, ఆ తర్వాత 2,000 రూపాయల జరిమానా. చట్టానికి లోటు లేదు. హారన్లలో వేణువు, తబలా, హార్మోనియం ధ్వనులే ఉండేలా చట్టం తెస్తామని కేంద్ర మంత్రి గడ్కరీ 2025లో అన్నారు కూడా. 110 డెసిబెల్స్‌తో చెవి పక్కన మోగితే హార్మోనియమైనా తిట్టులాగే ఉంటుంది, అది వేరే సంగతి.

నా మాట ఒకటే. జంక్షన్‌లో బూరలు పీకే బదులు ఫిట్‌నెస్ పరీక్షలో గాలి లైను చూడండి. సరుకు బండ్లు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఆ పరీక్షకు రావాల్సిందే. పరీక్ష ముందు రోజు బూర విప్పి సీటు కింద దాచొచ్చు. ట్యాంకుకు పెట్టిన టీని, చాసిస్ పొడవునా లాగిన పైపును దాచడం అంత తేలిక కాదు. ఇంజిన్ ఆపి కాసేపు గేజి ముల్లు చూస్తే లీకు బయటపడుతుంది, దీనికి డెసిబెల్ మీటరు కూడా అక్కర్లేదు. బ్రేకు ట్యాంకు నుంచి నేరుగా గాలి లాగిన బండికి సర్టిఫికెట్ ఆపితే, ఆటోనగర్‌లో ఆ పని చేయించుకునే ఓనరే ఉండడు.