స్పైక్-ఇన్ కలిపాం కదా అని నమ్మేస్తే ఎలా

ఈఆర్‌సీసీ కంట్రోల్స్ (కొలత సరిచూసుకోడానికి శాంపిల్లో బయటినుంచి కలిపే ఆర్‌ఎన్‌ఏలు, వీటినే స్పైక్-ఇన్‌లంటారు) కలిపితే చాలు ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ (ఏ జీన్ ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో చదివి లెక్కపెట్టడం) లెక్కలు నమ్మొచ్చు అన్నట్టు రాశారు ఒక వ్యాసంలో, అక్కడే నాకు కొంచెం తేడా కొట్టింది. ఆ కంట్రోల్స్‌లోని 92 ఆర్‌ఎన్‌ఏల్లో ఏది ఎంత ఉందో ముందే తెలుసు, అన్నిటికంటే ఎక్కువున్నదానికీ తక్కువున్నదానికీ మధ్య దాదాపు 10 లక్షల రెట్లు తేడా, కాబట్టి వేసినదానికీ వచ్చిన రీడ్స్‌కీ (మెషిన్ చదివిన ముక్కల లెక్క) లాగ్ స్కేల్లో గ్రాఫ్ గీస్తే గీత ఎక్కడిదాకా తిన్నగా ఉందో, కింద ఎక్కడ చుక్కలు చెల్లాచెదురయ్యాయో కళ్ళకి కనపడిపోద్ది, అంతకంటే కిందున్న జీన్స్ గురించి నోరెత్తకపోవడమే మంచిది. మిక్స్ 1, మిక్స్ 2 (అవే 92 ఆర్‌ఎన్‌ఏలు, వేరే మోతాదుల్లో) రెండూ చెరో శాంపిల్లో వాడితే ఇంకా మజా, 23 చొప్పున నాలుగు గుంపులు, ఒకదాంట్లో రెండు మిక్సుల మధ్య తేడా 4 రెట్లు, ఇంకోదాంట్లో అసలు తేడానే ఉండకూడదు, అక్కడ కూడా మీ సాఫ్ట్‌వేర్ తేడా చూపించిందా, దొంగ దొరికినట్టే.

కానీ వీటి పాలీ-ఏ తోక (చివర్లో వరుసగా ఉండే ‘ఏ’ అక్షరాలు) మన కణాల్లోని ఎంఆర్‌ఎన్‌ఏల తోక కన్నా బాగా పొట్టి, అందుకే ఆ తోకని పట్టుకుని ఎంఆర్‌ఎన్‌ఏని వేరుచేసే ఓలిగో-డీటీ పూసలకి రెండూ ఒకేలా పట్టుబడవు. పైగా ఒకసారి నేను పిపెట్ చేస్తుంటే ఒక ట్యూబులో స్పైక్-ఇన్ కాస్త ఎక్కువ పడింది, ఆ శాంపిల్లో స్పైక్-ఇన్‌లన్నీ కలిసికట్టుగా పైకెళ్ళాయి, వాటితో నార్మలైజ్ చేస్తే (అంటే వాటినే కొలబద్దగా పెట్టి శాంపిల్స్ లెక్కలు సరిచేస్తే) పాపం మిగతా జీన్స్ అన్నీ తగ్గినట్టు చూపించింది! చెకింగ్‌కి వాడండి, నార్మలైజేషన్‌కి మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.