పాట పాడిన చక్రవర్తి

పాట పాడిన రోమ్ చక్రవర్తి ఎవరంటే చిన్నపిల్లాడు కూడా నీరో పేరే చెబుతాడు. అన్యాయం. నీరోది ఉత్త కచేరీ పాట. డిడియస్ జూలియానస్‌ది వేలంపాట. పీఠం మీద నీకేం హక్కుందయ్యా అంటే, ఇంత పెట్టి కొన్నానని ధర చెప్పగలిగిన ఏకైక చక్రవర్తి ఆయన. అంత నిజాయితీపరుణ్ణి చరిత్ర ఎందుకు ఈసడిస్తుందో నాకు బోధపడదు.

క్రీ.శ. 193 మార్చి 28న చక్రవర్తి పెర్టినాక్స్‌ను సొంత అంగరక్షకులే నరికేశారు. గద్దెనెక్కి 87 రోజులే. ఖజానా ఖాళీ, కాస్త క్రమశిక్షణగా ఉండండి అన్నాడు పాపం. రెండు ముక్కలూ వాళ్లకు గిట్టలేదు. పని ముగించుకుని శిబిరంలోకి పోయి తలుపులు బిడాయించుకున్నారు. పీఠం పాటకొచ్చింది.

గోడ లోపల ఒక పాటదారు: నగరాధికారి సుల్పిసియానస్, చచ్చినాయనకు స్వయానా పిల్లనిచ్చిన మామ. అల్లుడి దినవారాల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు పాట. గోడ బయట మన జూలియానస్. లోపలికి రానివ్వలేదు గనక కిందినుంచే కేకలేస్తూ, వేళ్లు చూపిస్తూ ఎదురుపాట పాడాడు. లోపలాయన సైనికుడికి తలా 20 వేల సెస్టర్సులదాకా (అప్పటి రోమన్ నాణేలు) వచ్చి ఆగాడు. ఈయన వందా యాభై అని నసగలేదు, ఒక్క ఊపున 25 వేలన్నాడు. పనిలో పనిగా, ‘ఆయనగారు అల్లుడి పగ తీర్చుకుంటాడేమో, ఆలోచించుకోండి’ అని ఓ పుల్ల కూడా వేశాడు. పాట ఖాయమైంది. గోడ మీంచి నిచ్చెన దించి పైకెక్కించుకున్నారట.

డబ్బిచ్చి గద్దెనెక్కాడని నింద. సరే. 41లో క్లాడియస్ అదే అంగరక్షకులకు తలకు 15 వేలు ఎందుకిచ్చినట్టు? తత్వవేత్త అంటూ మనం కళ్లకద్దుకునే మార్కస్ ఆరేలియస్ 161లో సహచక్రవర్తి లూసియస్ వేరస్‌తో కలిసి 20 వేలు ఎందుకు ప్రకటించినట్టు? అవి కానుకలట! గద్దెనెక్కాక ఇస్తే కానుక, ఎక్కకముందు రేటు చెబితే అమ్మకం.

జనానికి ఈ లెక్క ఎక్కలేదు. జూలియానస్‌ను ‘రాజ్యం దొంగ’ అని వీధిలోనే తిట్టారు. ఆయన మాత్రం నాణేల మీద ‘జగన్నేత’ అని అచ్చు కొట్టించుకున్నాడు. ఆ జగత్తులో మూడుచోట్ల సైన్యాలున్న గవర్నర్లు, బ్రిటన్‌లో ఆల్బినస్, సిరియాలో నైజర్, డాన్యూబ్ ఒడ్డున సెవెరస్, పీఠానికి గురిపెట్టి కూర్చున్నారు. సెవెరస్ బయల్దేరనే బయల్దేరాడు.

జగన్నేత యుద్ధసన్నాహం చూసి తీరాల్సిందే. మిసెనమ్ నౌకాస్థావరం నుంచి నావికుల్ని రప్పిస్తే వాళ్లకు కవాతు చేయడమే రాదు. ఏనుగుల మీద బురుజులు కట్టిస్తే అవి విదిలించి కింద పడేశాయి. చివరికి రాజభవనానికి గట్టి తలుపులు బిగించాడు, పెర్టినాక్స్ తలుపులేసుకుని ఉంటే బతికేవాడని ఆయన సిద్ధాంతం. ఇది చూసి సెనేటర్లు తెగ నవ్వుకున్నారని, అప్పట్లో సెనేటరైన కాసియస్ డియోనే రాశాడు. సెవెరస్‌కు సగం రాజ్యం ఇస్తానని కూడా కబురంపాడు. మొత్తం ఉత్తపుణ్యానికి వచ్చేలా ఉంటే సగంతో ఎవడు సరిపెట్టుకుంటాడు?

గద్దెనెక్కిన 66 రోజులకు జూలియానస్‌కు సెనేట్ మరణశిక్ష వేసింది. ‘నేనేం పాపం చేశాను? ఎవర్ని చంపాను?’ అన్నాడట ఆఖరిమాటగా. అంతకుముందు అంగరక్షకదళ నాయకుడైన లేటస్‌నూ, పాత చక్రవర్తి కొమొడస్ ప్రియురాలు మార్సియానూ తానే చంపించిన సంగతి ఆ హడావిడిలో గుర్తురాలేదు కాబోలు.

సెవెరస్ పాత అంగరక్షకుల్ని నిరాయుధంగా పిలిపించి, చుట్టుముట్టి, కొలువులోంచి గెంటేశాడు. పీఠం ఇక అమ్మకానికి లేదని రోమ్ ఊపిరి పీల్చుకుంది. అప్పుడు ఆయన సొంత సైనికులే సెనేట్ ముందుకొచ్చి తలకు 10 వేలు పెట్టమన్నారు. సెవెరస్ బేరమాడి వెయ్యికి ఒప్పించాడు. దీన్ని మాత్రం ఎవరూ వేలమనలేదు.